సంచి లేని సహోదరుడు: అస్సీసీ ఫ్రాన్సిసు జీవితము

వాక్యభాగములు: మత్తయి 10:5–15, 1 కొరింథీయులకు 9:1–18

మత్తయి సువార్త పదియవ అధ్యాయములో ప్రభువు పండ్రెండుమంది శిష్యులను పంపుచు, దారిఖర్చునకు డబ్బు గాని, సంచి గాని, మారు అంగీ గాని, చెప్పులు గాని వెంట తీసికొనవద్దని కట్టడ చేసిన సంగతి మీరెరుగుదురు. ఈ భాగముమీద ప్రసంగించువారిలో చాలమంది దాని భావమును వివరించి, ఆ కాలపు ఆచారములను చెప్పి, సంచి భుజమున వేసికొనియే ఇంటికి వెళ్లుదురు. సుమారు ఎనిమిది వందల సంవత్సరముల క్రిందట ఇటలీ దేశములో ఒక యౌవనుడు ఈ మాటలు విని, అప్పటికప్పుడే చెప్పులు విడిచి, చేతికర్ర పారవేసి, తోలు నడికట్టు తీసి దాని స్థానమున త్రాడు కట్టుకొనెను. అతడే అస్సీసీ ఫ్రాన్సిసు. అతడు రోమను సంఘమువాడు; మన సంస్కర్తలకు మూడు వందల ఏండ్లు ముందటివాడు. అయినను అతని జీవితమును, అతని తరువాత అతని సహోదరులకు సంభవించినదానిని మన పల్లె సంఘములు తెలిసికొనుట మంచిదని తలంచుచున్నాను. యేలయనగా ఇది కానుకలమీద బ్రదుకు సేవకుల కథ. ఇచ్చువారమైనను పుచ్చుకొనువారమైనను మనమందరము ఆ కథలో ఉన్నాము.

అస్సీసీ అనునది ఇటలీ నడిభాగమున ఉంబ్రియా అను సీమలో కొండవాలున నున్న చిన్న పట్టణము. 1181లో గాని 1182లో గాని అక్కడ పియెత్రో బెర్నార్దోనె అను బట్టల వర్తకునికి ఈ కుమారుడు పుట్టెను. తండ్రి వర్తకము నిమిత్తము ఫ్రాన్సు దేశమునకు పోయియుండగా బిడ్డకు యోహాను అను పేరుతో బాప్తిస్మమిచ్చిరి. తండ్రి తిరిగివచ్చి ఆ పేరు మార్చి, ఫ్రాన్సు దేశమువాడు అను అర్థము వచ్చునట్లు ఫ్రాంచెస్కో అని పిలిచెను. కొడుకు పెరిగి దుకాణములో కూర్చుండి చక్కగా బేరము చేసెడివాడు. సంపాదించినదానిని స్నేహితులతో విందులకును పాటలకును అంతే చక్కగా ఖర్చుపెట్టెడివాడు. 1202లో అస్సీసీకిని ప్రక్కనున్న పెరూజియా పట్టణమునకును యుద్ధము జరిగినప్పుడు అతడు పట్టుబడి ఒక సంవత్సరము చెరలో ఉండెను. విడుదలైన తరువాత జబ్బుపడెను. పిమ్మట శూరుడు కావలెనని గుఱ్ఱమును ఆయుధములను కొని దక్షిణ దేశపు యుద్ధమునకు బయలుదేరి, స్పొలేతో అను ఊరివరకు పోయి, మనస్సు మారి తిరిగివచ్చెను.

అతని మారుమనస్సు ఎక్కడ మొదలైనదని అడిగినయెడల, మనము గుడిలోనని చెప్పుదుము. అతడు చనిపోవుటకు ముందు వ్రాయించిన మరణశాసనములో చెప్పినది వేరు. కుష్ఠరోగులను చూచుట తనకు మిక్కిలి చేదుగా ఉండెననియు, ప్రభువే తన్ను వారి మధ్యకు నడిపించెననియు, వారియెడల కనికరము చూపిన తరువాత ఆ చేదే తీపి ఆయెననియు అందులో తెలిపెను. ఈ కుష్ఠరోగులను జ్ఞాపకముంచుకొనుడి. తరువాత వచ్చిన ఒక ఆంగ్లకవి వారిని మరల మనకు చూపించును.

ఊరి వెలుపల సాన్ దమియానో అను పాడుపడిన చిన్న గుడి యుండెను. అందులో ప్రార్థించుచుండగా, పడిపోవుచున్న తన ఇల్లు బాగుచేయుమని ప్రభువు తనతో చెప్పినట్లు అతనికి తోచెను. అతడు దానిని రాళ్లు సున్నము సంగతిగానే అర్థము చేసికొనెను. తండ్రి దుకాణములోని బట్టలను గుఱ్ఱముమీద వేసికొని ఫొలీన్యో అను ఊరికి పోయి, బట్టలను గుఱ్ఱమును కూడ అమ్మి, ఆ సొమ్ము గుడి పాదిరికి ఇవ్వబోయెను. పాదిరి అతని తండ్రికి భయపడి పుచ్చుకొనలేదు. ఫ్రాన్సిసు ఆ డబ్బును కిటికీలోనికి విసరివేసెను. ఇక్కడ తండ్రిని క్రూరుడని తిట్టుట చరిత్రకారులకు వాడుక. నాకు మాత్రము ఆ వర్తకునిమీద కొంత జాలి కలుగును. బట్టలు అతనివే గదా. ఫిర్యాదు బిషప్పు ఎదుటికి వచ్చెను. ఇది 1206లో జరిగినది. అంగడివీధిలోని జనులు చూచుచుండగా కుమారుడు డబ్బు తిరిగి ఇచ్చివేసి, ఒంటిమీది బట్టలు కూడ తీసి తండ్రి ముందర పెట్టి, ఇకమీదట పరలోకమందున్న తండ్రియే తనకు తండ్రి అని చెప్పెను. బిషప్పు తన పైవస్త్రముతో అతనిని కప్పెను.

తరువాత రెండేండ్లు అతడు రాళ్లు బిచ్చమెత్తి పాడుగుళ్లు కట్టెను. 1208 ప్రాంతమున, పొర్జియుంకులా అను చిన్న గుడిలో ఆరాధన జరుగుచుండగా మత్తయి పదియవ అధ్యాయము చదువబడెను. పాదిరి దాని అర్థమును వివరించిన తరువాత ఏమి జరిగినదో మొదటనే చెప్పితిని. బెర్నార్దు అను ధనికుడు ఆస్తి అంతయు అమ్మి బీదలకు పంచి అతనితో చేరెను. పేతురు అనువాడును, గైల్సు అనువాడును చేరిరి. పండ్రెండుమంది కాగానే, 1209లో, వారు కాలినడకను రోమునకు పోయి, ఆ కాలపు రాజులనే గడగడలాడించిన మూడవ ఇన్నొసెంటు పోపు ఎదుట నిలిచి, సువార్తలో నున్నట్లు బ్రదుకుటకు సెలవు అడిగిరి. పోపు నోటిమాటగా సెలవిచ్చెను.

వారు తమకు పెట్టుకొనిన పేరు చిన్న సహోదరులు. ఆనాటి పట్టణములలో గొప్పవారిని పెద్దలనియు, సామాన్యులను చిన్నవారనియు పిలిచెడివారు. వీరు చిన్నవారి వైపు చేరిరి. ఇంగ్లీషువారు వీరిని ఫ్రయరులని పిలిచిరి. ఆ మాటకు సహోదరుడనియే అర్థము. మఠములలోని సన్న్యాసులకును ఫ్రయరులకును భేదము కలదు. సన్న్యాసులు గోడల లోపల ఉందురు, వారి మఠములకు పొలములుండును. ఫ్రయరులకు పొలము లేదు, గోడ లేదు. సంతలలోను వీథులలోను తిరిగి, జనుల సొంత భాషలో మారుమనస్సును ప్రకటించెడివారు. ఫ్రాన్సిసు వారికి మొదట చెప్పినది బిచ్చమెత్తుడని కాదు, చేతులతో పనిచేయుడని. పనిచేసినచోట కూలి ఇవ్వనియెడల మాత్రమే ఇంటింటికి వెళ్లి ప్రభువు బల్లయొద్ద అడిగినట్లు ఆహారము అడుగవలెను. కూలిగా అన్నము పుచ్చుకొనవచ్చును, నాణెము మాత్రము ముట్టరాదు.

ఈ నాణెము విషయములో అతడు ఎంత కఠినుడో తోమాసు చెలానో అను అతని శిష్యుడు వ్రాసిపెట్టెను. ఒక దినమున ఎవరో భక్తుడు పొర్జియుంకులా గుడిలో సిలువ దగ్గర కొంత డబ్బు పెట్టి వెళ్లెను. ఒక సహోదరుడు దానిని చేతితో తీసి కిటికీ గట్టుమీదికి విసరెను. ఫ్రాన్సిసు అతనిని పిలిపించి, ఆ డబ్బును నోటితో కరచి తీసికొనిపోయి వెలుపల గాడిదపేడమీద పెట్టుమని ఆజ్ఞాపించెను. మరియొకప్పుడు సహోదరుల కూటము నిమిత్తము అస్సీసీ ఊరివారు పొర్జియుంకులా దగ్గర ఒక గట్టి యిల్లు కట్టిరి. ఫ్రాన్సిసు ప్రయాణమునుండి వచ్చి దానిని చూచి, ఎవరితోను మాటలాడక పైకప్పు ఎక్కి పెంకులు పీకి క్రింద పడవేయసాగెను. ఆ యిల్లు సహోదరులది కాదు, ఊరివారిది అని చెప్పిన తరువాతనే దిగెను. బొలోన్యా పట్టణములో సహోదరుల యిల్లు అని ఒకటి వెలసినదని విన్నప్పుడు, జబ్బుతో నున్నవారిని కూడ అందులోనుండి వెళ్లగొట్టించెను. అప్పుడు హుగొలీనో అను కార్డినలు, ఆ యిల్లు తనదేనని అందరియెదుట ప్రకటించి వారిని తిరిగి లోపలికి పంపెను.

చదువరులారా, ఈ కార్డినలు చేసినపనిని గమనించుడి. ఇల్లు ఇల్లుగానే ఉండెను, సహోదరులు అందులోనే ఉండిరి, పేరు మాత్రము మారెను. ఫ్రాన్సిసు బ్రదికియుండగానే వెనుక తలుపు తెరువబడెను.

అతని జీవితములోని తక్కిన సంగతులను త్వరగా చెప్పెదను. 1212లో క్లారా అను పెద్దింటి కన్య అతని బోధ విని స్త్రీల సమాజమును ప్రారంభించెను. 1219లో క్రైస్తవ రాజులు ఐగుప్తులో దమియెత్త పట్టణమును ముట్టడించి నెత్తురు కాల్వలు పారించుచుండగా, ఫ్రాన్సిసు ఒక సహోదరునితోకూడ ఆయుధము లేక శత్రువుల దండులోనికి నడచిపోయి సుల్తాను అల్ కామిలునకు సువార్త చెప్పెను. సుల్తాను మతము మారలేదు. అయినను అతనిని మర్యాదతో క్షేమముగా పంపివేసెను. ఆ యుద్ధములో ఎవరైనను క్రీస్తువలె నడచిరా అని అడిగినయెడల నాకు ఈ బిచ్చగాడు తప్ప మరియొకడు కనబడుట లేదు. 1223 క్రిస్మసునకు గ్రెచ్చియో అను పల్లెలో పశువుల తొట్టిని, ఎద్దును, గాడిదను తెప్పించి ప్రభువు జననమును పల్లెవారి కన్నులకు కట్టించెను. 1224లో లా వెర్నా కొండమీద అతని దేహమున ప్రభువు గాయముల గుర్తులు కలిగెనని అతని శిష్యులు వ్రాసిరి. దానినిగూర్చి మన సంఘములకు సిద్ధాంతమేమియు లేదు. సూర్యుని, చంద్రుని, నీటిని, నిప్పును సహోదరులని సహోదరీలని పిలుచుచు దేవుని స్తుతించు పాటను అతడు తన ఊరి భాషలో కట్టెను. ఇటలీ భాషలోని మొదటి పద్యములలో అది ఒకటి. ఇక్కడ ఒక మాట. సమాధానమునకు సాధనముగా తన్ను వాడుకొనుమని దేవుని వేడుకొను ఒక ప్రార్థన అతని పేరున మన కూటములలోను వినబడుచున్నది. అది మంచి ప్రార్థనయే గాని అతనిది కాదు. 1912లో ఫ్రెంచి భాషలోని ఒక చిన్న భక్తి మాసపత్రికలో అది మొట్టమొదట అచ్చుపడెను.

ఐగుప్తునుండి వచ్చునప్పటికి సహోదరులు వేలమందియైరి. 1220లో అతడు నాయకత్వమును వదలుకొనెను. క్రొత్తగా వచ్చినవారిలో పండితులుండిరి. వారికి గ్రంథములు కావలెను, గ్రంథములకు గది కావలెను, గదికి తాళము కావలెను. అతడు వ్రాసిన నిబంధనలను పెద్దలు సరిదిద్దిరి. 1223లో మూడవ హొనోరియసు పోపు ముద్రవేసిన నిబంధనలో, నాణెములు గాని డబ్బు గాని తామైనను పరుల ద్వారానైనను పుచ్చుకొనరాదను మాట మాత్రము నిలిచెను. కన్నులు దాదాపు పోయి, కడుపు చెడి, 1226 అక్టోబరు 3వ తేది సాయంకాలమున పొర్జియుంకులా దగ్గర అతడు మరణించెను. మరణమునకు ముందు తన్ను బట్టలు లేకుండ నేలమీద పండుకొనబెట్టుమనెను. ఒక సహోదరుడు అంగీ తెచ్చి, ఇది నీకు ఇచ్చుట లేదు, ఎరువుగా మాత్రము ఇచ్చుచున్నానని చెప్పగా, అతడు సంతోషించి దానిని ధరించెను.

రెండేండ్లు గడచునప్పటికి, 1228లో, అతనిని పరిశుద్ధుడని రోమను సంఘము ప్రకటించెను. ప్రకటించినవాడు తొమ్మిదవ గ్రెగొరి పోపు, అనగా పూర్వపు హుగొలీనో కార్డినలే. ఆ సంవత్సరమే అస్సీసీలో అతని సమాధికి గొప్ప దేవాలయము పునాది పడెను. పెంకులు పీకినవాని ఎముకలమీద ఇటలీలోని అందమైన కట్టడములలో ఒకటి లేచెను. 1230లో అదే పోపు, ఫ్రాన్సిసు మరణశాసనము సహోదరులను కట్టివేయదనియు, వారి అవసరతలకు డబ్బును నమ్మకమైన గృహస్థుడొకడు ఉంచుకొని ఖర్చుపెట్టవచ్చుననియు తీర్పు చెప్పెను. 1245లో నాలుగవ ఇన్నొసెంటు పోపు, వారి ఇండ్లును సామానులును రోమునకు చెందినవనియు, వారు వాడుకొందురే గాని వారివి కావనియు నిర్ణయించెను. చేతికి నాణెము తగులలేదు. ఇల్లు మాత్రము నిండెను.

న్యాయముగా చెప్పవలెనంటే, దూరదేశములకు పోయిన మొదటి సహోదరులు నిజముగా బీదలే. 1224 సెప్టెంబరులో తొమ్మిదిమంది ఇంగ్లాండులోని డోవరు రేవున దిగిరి. పడవకు ఇచ్చుటకు వారియొద్ద ఏమియు లేనందున ఫ్రాన్సులోని ఒక మఠమువారు ఉచితముగా దాటించిరి. కాంటర్బరీలో వారికి పాఠశాల క్రింద ఒక చిన్న గది దొరికెను. సాయంకాలము పిల్లలు ఇండ్లకు పోయిన తరువాత పైకి వచ్చి, నిప్పు రాజేసి, అడుగంటిన చిక్కని సారాయి మడ్డిని కుండలో కాచి, నీళ్లు పోసి పలుచన చేసి, ఒక గిన్నెతో వంతులవారీగా త్రాగుచు సంతోషముగా ఉండిరని వారి చరిత్ర వ్రాసిన తోమాసు ఎక్లెస్టన్ చెప్పుచున్నాడు. నూట అరువది ఏండ్ల తరువాత అదే కాంటర్బరీకి పోవు యాత్రికుల కథలలో ఆంగ్లకవి చాసరు మరియొక విధమైన ఫ్రయరును మనకు చూపించును.

చాసరు 1400లో మరణించెను. అతని కావ్యములోని ఫ్రయరు పేరు హూబెర్దు. నాలుగు భిక్షుక సమాజములలో ఏ సమాజమువాడో కవి చెప్పలేదు. చదువరులకు అక్కరలేదని కాబోలు. అతనికి బిచ్చమెత్తుటకు ఒక హద్దు కలదు. ఆ హద్దులోని ధనిక రైతులందరును అతనికి మిత్రులు. పాపము ఒప్పుకొనువారికి అతడు సులభమైన శిక్ష విధించును, మంచి కానుక వచ్చు చోట మరింత సులభముగా విధించును. ఏడ్వలేనివారు ఏడ్వనక్కరలేదు, ఫ్రయరులకు వెండి ఇచ్చిన చాలునట. కాలికి చెప్పు లేని విధవరాలియొద్దనుండియు ఒక కాసు రాబట్టకుండ కదలడు. పై అంగీ దళసరి బట్టతో గంటవలె గుండ్రముగా ఉండును. ఊరిలోని కల్లుదుకాణదారులందరిని అతడెరుగును; కుష్ఠరోగులను మాత్రము ఎరుగడు. అట్టివారితో పరిచయము తనవంటి యోగ్యునికి తగదు, లాభము లేదు అని అతని తలంపు. చాసరు ఫ్రాన్సిసు పేరెత్తడు. ఎత్తనవసరము లేదు. చేదు తీపి ఆయెనని చెప్పినవాని వెంట నడచుచున్నామనువారు, ఆ చేదును మరల చేదుగా చేసికొనిరని ఒక్క ముక్కలో చెప్పివేసెను.

అదే కావ్యములో మరియొక కథ కలదు. ఒక ఫ్రయరు ఇంటింటికి పోయి ధాన్యము, జున్ను, మాంసము, ఏది దొరికిన అది పుచ్చుకొని, ఇచ్చినవారి పేర్లు మైనపు పలకలమీద వ్రాసికొని, మీ కొరకు ప్రార్థింతునని చెప్పును. గడప దాటగానే ఆ పేర్లు చెరిపివేయును. జబ్బుతో పడియున్న తోమాసు అను గృహస్థుని యింటికి వచ్చి, బల్లమీద పండుకొనియున్న పిల్లిని తోలి, ఆ స్థలమున తాను కూర్చుండును. ఇంటి ఇల్లాలు, రెండు వారముల లోపల తన బిడ్డ చనిపోయెనని చెప్పును. వెంటనే అతడు, ఆ బిడ్డ ఆత్మ పరలోకమునకు ఎత్తబడుట తన మఠములో దర్శనమందు చూచితిననును. ఆమె చెప్పకమునుపు అతనికి ఆ సంగతియే తెలియదు! పిమ్మట తనకు భోజనము ఏమియు అక్కరలేదు, కోడిపుంజు కార్జము, మెత్తని రొట్టె ముక్క, వేచిన పందితల ఉన్న చాలును, తన కొరకు ఏ జీవిని చంపవద్దు అని చెప్పును. తరువాత కోపమునుగూర్చి పెద్ద ప్రసంగము, ఆ తరువాత మఠము కట్టుటకు బంగారము కావలెనని వేడుకోలు. రోగి చివరకు అతనికి ఇచ్చిన బహుమానము ఈ పత్రికలో వ్రాయదగినది కాదు.

నవ్వుకొనుటకు ఇది మంచి కథయే. కాని బిడ్డ పోయిన తల్లి దగ్గర కూర్చుండి నోటికి వచ్చిన ఓదార్పు చెప్పుట ఎంత సులభమో, ఏమియు తెలియనివాడనై ఆమెతోకూడ ఊరకుండుట ఎంత కష్టమో, అట్టి ఇండ్లకు వెళ్లిన ప్రతి కాపరికిని తెలియును. చాసరు కొట్టిన దెబ్బ ఫ్రయరు పొట్టమీద కాదు, ఆ దర్శనముమీద తగిలినది.

ఫ్రయరులను దూషించుటకు కవులు వాడిన ఆయుధములు ఎక్కడివి? పరిశుద్ధ గ్రంథములోనివే. 1256లో పారిసు విశ్వవిద్యాలయములో విలియము సంతామూరు అను పండితుడు, ఇండ్లలో చొరబడి అవివేక స్త్రీలను చెరపట్టువారినిగూర్చి 2 తిమోతి మూడవ అధ్యాయములో పౌలు వ్రాసినది ఈ భిక్షుక సహోదరులకే చెందునని వాదించి గ్రంథము వ్రాసెను. పోపు ఆ గ్రంథమును ఖండించెను; కాని మాట కవుల నోట పడెను. ఫ్రాన్సులో గులాబి కావ్యము వ్రాసిన జాన్ ద మ్యూను, కపటవేషమునకే ఫ్రయరు అంగీ తొడిగెను. ఇటలీలో బొకాచియో వ్రాసిన చిన్న సహోదరుని కథ, దేవదూత వేషము వేసి ఒక స్త్రీని మోసగించినవాని కథ, దానిని విడిచిపెట్టుదము. ఇంగ్లాండులో విక్లిఫు మొదట వారి బీదతనమును మెచ్చుకొని, తరువాత వారిని తీవ్రముగా ఎదిరించెను. నాలుగు భిక్షుక సమాజముల లాటిను పేర్లలోని మొదటి అక్షరములు కూర్చిన కయీను పేరు వచ్చునని అతని పక్షమువారు ఎత్తిపొడిచెడివారు. వీటిలో కొంత న్యాయము, కొంత అసూయ కలదు. ఫ్రయరులు వచ్చిన తరువాత ఊరి పాదిరులకు రావలసిన కానుకలు తగ్గెను. ఆ కోపమును లెక్కలో వేసికొనకుండ ఈ నిందలన్నిటిని నమ్మరాదు.

మరి మెచ్చినవారు లేరా? 1321లో మరణించిన దాంతె మహాకవి తన పరలోక కావ్యములో ఫ్రాన్సిసు చరిత్రను తోమాసు అక్వినాసు నోట చెప్పించెను. అక్వినాసు పోటీ సమాజమైన దొమినికు వారివాడు. బీదతనము అను స్త్రీ, తన మొదటి భర్తయైన క్రీస్తు సిలువమీద మరణించిన తరువాత, పదునొకండు వందల ఏండ్లకు పైగా ఎవరును కన్నెత్తి చూడని విధవరాలై యుండెననియు, ఫ్రాన్సిసే ఆమెను వరించెననియు దాంతె వర్ణించెను. ఆ వెంటనే, ఫ్రాన్సిసు సమాజపు పండితుడైన బొనవెంతూరా నోట, తన సహోదరులు గురువు అడుగుజాడలు తప్పి వెనుకకు నడచుచున్నారని చెప్పించెను. ప్రత్యర్థి నోట స్తోత్రము, సొంతవాని నోట విలాపము! మన సంఘ సభలలో ఈ వరుస తారుమారుగా ఉండును.

ఆ సహోదరులలో మొదటి నిబంధనకే అంటిపెట్టుకొనినవారు లేకపోలేదు. వారి గతి విచారకరము. పొట్టి అంగీలు మానమనియు, ధాన్యము కొట్లలో నిలువచేయుట తప్పనియు పట్టుపట్టినందున 1318లో ఫ్రాన్సులోని మర్సే పట్టణములో నలుగురిని సజీవముగా కాల్చివేసిరి. క్రీస్తుకును అపొస్తలులకును ఏ ఆస్తియు లేదని మొండిగా చెప్పుట తప్పుబోధ అని 1323లో ఇరువది రెండవ యోహాను పోపు తీర్పుచెప్పెను. ఆ వాదములో యోహాను సువార్త పండ్రెండవ అధ్యాయములోని డబ్బు సంచి పెద్ద సాక్ష్యమాయెను. శిష్యులకు సంచి ఉండెనా? ఉండెను. ఎవరి చేతిలో? యూదా చేతిలో. ఇరుపక్షములవారును ఆ వచనమునే చూపించిరి.

నాకు ఈ పాత కవులందరిలో ఎక్కువ ఇష్టుడు లాంగ్లండు. చాసరు కాలమువాడే. అతని కావ్యములో నాయకుడు రాజు కాదు, శూరుడు కాదు, పియర్సు అను దుక్కి దున్ను రైతు. అందులో లంచమును ఒక స్త్రీగా చేసి, ఆమె పాపము ఒప్పుకొనుటకు ఒక ఫ్రయరు వచ్చినట్లు వ్రాసెను. అతడు ఆమెను గోధుమలు అడిగి విడుదల పలుకును. పైగా మా గుడి కిటికీకి అద్దములు వేయించినయెడల వాటిమీద నీ పేరు చెక్కింతుమని చెప్పును. లాంగ్లండు నేడు మన మందిరములకు వచ్చి పంకా రెక్కలమీద తెల్లరంగుతో వ్రాసిన దాతల పేర్లు చూచినయెడల ఏమి వ్రాసియుండునో! కావ్యము చివర సంఘము ఒక ధాన్యపు కొట్టుగా కనబడును. అపవాది దండు దానిని ముట్టడించును, లోపలివారు గాయపడుదురు. ఊరి పాదిరి వేసిన మందు మండుచున్నదని వారు ఓర్వక, మెత్తని మందు వేయువాడు కావలెననగా, 2 తిమోతిలోని ఆ చొరబడువాని పేరే పెట్టుకొనిన ఒక ఫ్రయరు లోపలికి వచ్చును. అతని మందుకు నొప్పి పోవును. పశ్చాత్తాపము ఏడ్చుట మరచి నిద్రపోవును.

అయితే ఇతరులు నవ్వి విడిచిపెట్టినచోట లాంగ్లండు ఒక ప్రశ్న వేసెను. ఈ ఫ్రయరు ఎందుకు మెత్తని మందు వేయుచున్నాడు? ఆకలి చేత. ఇచ్చువాడు కోపపడిన రేపు అన్నము లేదు గనుక ముఖస్తుతి చేయుచున్నాడు. అందుచేత ఆ కావ్యములో మనస్సాక్షి కోరిన కోరిక ఏమనగా, ఫ్రయరులకు నిలుకడైన జీవనోపాధి ఏర్పరచవలెనని. ఫ్రాన్సిసు నమ్మకమునకు ఇది నేరుగా ఎదురు. సంచి లేనివాడు ఎవరికిని భయపడడని ఫ్రాన్సిసు నమ్మెను; సంచి లేనివాడు సంచి ఉన్నవానికి భయపడునని లాంగ్లండు చూచెను. ఇద్దరు చెప్పినదియు నిజమే. ఫ్రాన్సిసువంటి వానికి మొదటిది నిజము. వేలమందికి రెండవది నిజము. కళ్లములో బస్తాలు కొలిచి ఇచ్చిన రైతు ఇంటిలో తగవు పుట్టినప్పుడు, అతని తప్పు అతని ముఖముమీద చెప్పవలసిన కాపరి ఈ రెండింటి మధ్య నలుగుచుండును. పౌలు కొరింథీయులకు వ్రాయుచు, సువార్త ప్రకటించువాడు దానివలన జీవించుటకు హక్కు కలదని గట్టిగా స్థాపించి, ఆ హక్కును తాను వాడుకొనలేదని వెంటనే చెప్పెను. కొరింథులో డేరాలు కుట్టి బ్రదికెను. ఫిలిప్పీవారు పంపినది మాత్రము సంతోషముతో పుచ్చుకొనెను. ఎవరియొద్ద పుచ్చుకొనవచ్చునో ఎవరియొద్ద కూడదో అతడెరుగును. ఫ్రాన్సిసు సహోదరులు ముందుగా కూలిపని చేయుటను మానిరి, తరువాత ముఖస్తుతి నేర్చుకొనిరి. ఆ వరుసను గమనింపవలెను.

సంస్కరణ కాలమున మన పితరులు వీరిని ఏమాత్రము క్షమింపలేదు. ఫ్రాన్సిసును క్రీస్తుతో అడుగడుగునకు పోల్చి అతని సమాజమువారు వ్రాసుకొనిన ఒక పెద్ద గ్రంథమును తీసికొని, 1542లో ఎరాస్మసు అల్బెరసు అను జర్మను బోధకుడు అపహాస్యము చేయుచు పుస్తకము ప్రకటించెను. లూథరు దానికి ముందుమాట వ్రాసెను. మనుష్యుని క్రీస్తుకు సాటిగా నిలిపిన గ్రంథమును ఎదిరించుట న్యాయమే. కాని ఆ నవ్వులో అస్సీసీ బిచ్చగాడు కూడ కొట్టుకొనిపోయెను. ఇంగ్లాండులో ఎనిమిదవ హెన్రీ రాజు 1538లో ఫ్రయరుల ఇండ్లను మూయించెను. వింతయేమనగా, వారు తలుపు తట్టుట మానివేసిన తరువాతనే ఆ దేశపు సాహిత్యములో వారికి మంచి పేరు వచ్చెను. అరువది ఏండ్లలోపుననే షేక్స్పియరు వ్రాసిన రోమియో జూలియెట్టు నాటకములోని లారెన్సు, ఫ్రాన్సిసు సమాజపు ఫ్రయరే. అతడు తెల్లవారుజామున బుట్ట పట్టుకొని మూలికలు ఏరుకొనును, పిల్లల కష్టమునకు కరగిపోవును, తప్పు ఉపాయము చేసి అందరితోకూడ ఏడ్చును. అతడు ఎవరిని కాసు అడుగడు. అడుగనివానిని ప్రేమించుట సులభము.

ఫ్రాన్సిసును తిరిగి మనకు ఇచ్చినవాడు మనవాడే. పాల్ సబాతియె అను ఫ్రెంచి ప్రొటెస్టెంటు పాదిరి స్ట్రాస్బర్గులో సేవచేసి, జర్మను పౌరుడగుటకు ఒప్పుకొననందున 1889లో ఆ పట్టణమును విడువవలసివచ్చెను. తరువాత ఫ్రాన్సులోని సేవెన్ను కొండలలో సాన్ సియెర్జు అను పల్లె సంఘమునకు కాపరి ఆయెను. ఆరోగ్యము చెడినందున సేవ మాని, ఫ్రాన్సిసు సంగతులనే వెదకుటలో శేషకాలము గడపెను. 1266లో ఫ్రాన్సిసు సమాజపు పెద్దలు, బొనవెంతూరా వ్రాసిన జీవితమును మాత్రము ఉంచి, అంతకు ముందటి చరిత్రలన్నిటిని నాశనము చేయుమని ఆజ్ఞాపించియుండిరి. తోమాసు చెలానో వ్రాసిన గాడిదపేడ కథవంటివి ఆ ఆజ్ఞను తప్పించుకొని మిగిలిన ప్రతులలో మనకు దక్కినవి. సబాతియె అట్టి పాత ప్రతులను గ్రంథాలయములలో వెదకి, 1893లో ఫ్రాన్సిసు జీవితమును ప్రచురించెను. రోమను సంఘము 1894లో దానిని చదువరాని పుస్తకముల పట్టికలో చేర్చెను. అస్సీసీ పట్టణమువారు మాత్రము ఆ ప్రొటెస్టెంటు పాదిరిని తమ ఊరి పౌరునిగా చేసికొనిరి.